రెడ్ ఆక్సైడ్

ఆటోనగర్‌లో ముప్పయ్యొక్క ఏళ్ళు
లారీల ఒంటికి రంగులు కొట్టాను.
ఎరుపుల్లో ఎన్ని ఎరుపులో నన్నడగండి.
ఇటుక ఎరుపు, పోస్టుడబ్బా ఎరుపు,
దుమ్ముపట్టి చచ్చిన టెయిల్‌లైటు ఎరుపు.
ఆ పొద్దున ఐదు రూపాయల మరుగుదొడ్లో
తెల్ల పలక మీద జారింది మాత్రం
నా డబ్బాల్లో లేదు.

నొప్పి లేదు. మంటా లేదు.
నొప్పిలేనిదాన్ని మా షెడ్డులో ఎవరూ జబ్బనరు.
రాత్రి తిన్న బీట్‌రూటనుకున్నాను.
రాత్రి తిన్నది పప్పుచారు.
మర్నాడు తేటగా వచ్చింది,
దాంతో మర్చిపోయాను.

ఇరవై రోజులకి మళ్ళీ.
ఈసారి బకెట్టుతో నిలబడ్డ సామ్రాజ్యం చూసింది.
"ఎవరిదయ్యా ఇది?"
వరుసలో ముగ్గురం. ముగ్గురమూ నేలకేసి చూశాం.
"మా ఆయనా ఇంతే. నొప్పి లేదుగా అన్నాడు.
ఏడాది పొడుగునా అన్నాడు.
తర్వాత అనడానికి మనిషి లేడు."
నా చేతిలో బిళ్ళ నా జేబులోకే తోసేసింది.
ఎలా పోల్చిందో!
"పరీక్ష కాగితం పట్రా. అప్పుడు తీసుకుంటా."

పెద్దాసుపత్రిలో సీసా, చీటీ, చాంతాడంత వరుస.
"ఏం పని?" అన్నాడు డాక్టరు.
రంగులు, థిన్నరు.
"బీడీలు?"
రోజుకో కట్ట.
రాస్తున్న కలం ఒక్క క్షణం ఆగింది.

సన్నటి కెమెరా లోపలికి పోతుంటే
కళ్ళు మూసుకున్నాను, సిగ్గుకి.
"చూడు జక్రయ్యా" అంటే తెరిచాను.
తెర మీద నా లోపలి గోడ,
దానికంటుకుని పగడపు పూసంత ఏదో.
"ఇంకా గోడలోకి దిగలేదు. గీకేద్దాం."

గీకడం! ఆ మాట నాకు తెలుసు.
తుప్పు చుక్కగా ఉన్నప్పుడే ఉప్పుకాగితానికి లొంగుతుంది,
రేకు తినేశాక పైన రంగేసేవాడు మోసగాడని
ఎన్ని లారీల ఓనర్లకి చెప్పానో.
బ్రష్షు కడిగిన నీళ్ళలా
నా తుప్పు నాకే కనిపించినప్పుడు
పప్పుచారుని బీట్‌రూటని చేశాను.

మూడు నెలలకోసారి మళ్ళీ కెమెరా ఉంది.
బీడీ కట్ట కోసం చెయ్యి ఇంకా
జేబు దాకా వెళ్ళి వస్తూనే ఉంది.

కాగితం తీసుకెళ్ళి ఇచ్చాను.
సామ్రాజ్యానికి చదువు రాదు.
తలకిందులుగా పట్టుకుని
చాలాసేపు చూసింది,
మడిచి నాకిచ్చింది,
ముక్కు తుడుచుకుంది.

"పాత బాకీతో కలిపి పదిహేను" అంది.