ఓదెలు పేరు

మొదటిసారి ఆ పేరు రాసింది
పానాలు పెట్టుకునే రేకు డబ్బా మీద.
నీలం ఎనామిల్, అర అంగుళం బ్రష్షు.
'బోరింగులు బాగుచేయబడును', కింద 'రేణికుంట్ల ఓదెలు'.
ఎనిమిది రూపాయలిచ్చి, చాయ తాగించి
తన పేరును తనే చాలాసేపు చూసిండు,
ఎవరో కొత్త చుట్టాన్ని చూసినట్టు.

తర్వాత గోడల మీద రాసిన.
వార్డు మెంబరుకు ఒకసారి, సర్పంచికి రెండుసార్లు.
సున్నం నేనే కొట్టి, గుర్తు నేనే గీసిన, కత్తెర.
"రెక్కలు జర తెరిచి పెట్టు సమ్మయ్యా,
మూసిన కత్తెర ఏం కోస్తది?"

పరకాల రోడ్డు పొంటి ఊరు పెరిగి పెరిగి
పక్క పల్లెలు మూడింటిని మింగి
ఓనాడు పొద్దుగాల్ల మున్సిపాలిటీ అయింది.
ఇంటి పన్ను కాయితం చూసినంకనే
మేం పట్నపోళ్లమైనమని తెలిసింది.
చైర్మన్ తలుపు మీద
పేరుకు ముందు 'గౌరవ' రాయమన్నరు.
అది పట్టాలంటే
ఓదెలును ఇరుకు చేయాల్సొచ్చింది.

మేడారం బస్సులాగే కాడ మరుగుదొడ్లకు
నల్లరాయి పాతిండ్రు, మిషను చెక్కిన అక్షరాలతోని.
రాయి ఉన్నది. దొడ్లు ఇంకా రాలే.
కానీ ఆ ఎండాకాలం మూడో వార్డుల నల్లాలెండితే
ఖద్దరు చేతులు మడిచి వాల్వు గుంతల దిగింది ఆయనే.
కమిషనరు గట్టు మీద గొడుగు కింద నిలబడ్డడు.
"కుర్చీల కూసుంటే నీళ్ల సప్పుడు ఇనపడది సారూ."

అట్లని దేవుడేం కాదు.
పెట్రోలు బంకు ఎదురుంగ నాలుగు గుంటలు
బామ్మర్ది పేరు మీదికెట్లొచ్చినయో
నన్నెవరూ రాయమనలే, నేను రాయలే.
ఇంటి నంబర్లేసిన పైసలు పదకొండు వందలు
నాకూ రాలే. అడిగితే "ఆడిట్ల ఉన్నది" అన్నడు.

మూడో ఏడు అవిశ్వాసం.
పన్నెండుగురు కౌన్సిలర్లు ఏసీ బస్సుల
ఎక్కడో సముద్రం కాడికి పోయిండ్రు.
ఆడకౌన్సిలర్ల పేరు మీద
వాళ్ల భర్తలు ఈత కొట్టిండ్రు.
చేతులెత్తే దినం అటెండరు ముందే కబురు పంపితే
కిరోసిన్ సీసా, పాత గుడ్డ పట్టుకొని
ఛాంబరు బయట బెంచీ మీద కూసున్న.
ఓదెలొచ్చిండు. నన్ను చూసిండు, సీసాను చూసిండు.
"రంగు ఇంకా ఆరనే లేదు గదా సమ్మయ్యా."
రెండడుగులేసి మళ్లిండు.
"'గౌరవ' తుడువకు. వచ్చేటోనికి పనికొస్తది."

ఇప్పుడంతా ఫ్లెక్సీలే. నా చేతికి వణుకు.
మొన్న మా గల్లీ బోరింగు మొరాయిస్తే
సైకిలు మీద ఆ డబ్బా వచ్చింది.
నీలం పెచ్చులూడి
'బాగు' ఒక్కటే మిగిలింది దాని మీద.
వాషరు మార్చి, కడ్డీ దించి కొట్టిండు.
ముందు గాలి, తర్వాత తుప్పు,
బకెట్ సగమయినంక తెల్లనీళ్లు.
"ఎంతియ్యాలె?"
"మూడు వందలు. నీ పదకొండు వందలల్ల కోసుకో."

ఇంకా ఎనిమిది వందలున్నయి.
ఈ బోరింగు
ఇంకో రెండుసార్లన్న చెడిపోవాలె.