నలభై ఒకటో నంబరు

పీతలు ఉడికే ఆవిరి
తలుపు సందుల్లోంచి రోడ్డు మీదికొచ్చేది.
న్యూఫౌండ్‌లాండ్ ఉత్తరపు ఒడ్డున,
జూన్‌లో కూడా మంచుకొండలు తేలే చోట,
ఫ్యాక్టరీ వెనక పాత ఉప్పు గోదాంలో
డాక్టర్ నోరా డ్రోవర్ ఒక బల్ల వేసుక్కూర్చుంది.

"గట్టిగా ఊదండి. ఇంకోసారి."

ఫిలమీనా కియో ఊదింది.
తొడుగులు తీసినా వేళ్ళకి పీత వాసనే.
గొట్టం మీద ఎర్రముల్లు
రెండొందల పది దగ్గర చతికిలబడింది.
ఛాతీలో పిల్లికూతలు.
"మా అమ్మ జలుబనేది,
ఫోర్‌మన్ సిగరెట్లంటాడు.
పుట్టి బుద్ధెరిగి ఒక్కటి కాల్చలేదు."

నాలుగ్గంటలకోసారి మొద్దు పెన్సిలుతో రాసింది.
సోమవారం నించి శనివారం దాకా
మెట్లు దిగిపోయే అంకెలు.
ఆదివారం మాత్రం మూడొందల ఎనభై,
పక్కన చిన్న అక్షరాల్లో:
ఇవాళ చర్చిలో పాట చివరిదాకా పాడాను.

"మానేయొచ్చుగా?"
"ఇంకో మూడు వారాలు చేస్తేనే
చలికాలమంతా నిరుద్యోగ భృతి, డాక్టరమ్మా.
ఊపిరి ఆగస్టులో తీసుకుంటాలే."

పదకొండు పేజీల వ్యాసం అచ్చయింది.
మూడో పట్టికలో ఆమె నలభై ఒకటి.
ఆదివారం ఉంది.
పాటకి గడి లేదు.

మరుసటేడు పైకప్పుకి పెద్ద పంకాలు బిగించారు,
రెండు తిరుగుతాయి, ఒకటి తిరగదు.
భోజనాల గదిలో మేకుకి వేలాడుతూ
వ్యాసం కాపీ ఒకటి,
ఆవిరికి అంచులు ముడుచుకుని.
ఎవరో నలభై ఒకటి చుట్టూ
సున్నా చుట్టారు.

ఎవరని నోరా అడగలేదు.
ఆ మొద్దు పెన్సిలుని గుర్తుపట్టింది.