గోనె మీది దేశం

కాశీబుగ్గ జీడి బట్టీలో
నా పీట కింద పరుచుకున్న గోనె
మొజాంబిక్.

దాని మీది అచ్చు చదివి చెప్పినోడు
గుమస్తా బైరాగి.
నంపులా, తోటలున్న సీమంట, ఉత్తరాన.
నకాలా, ఓడ కదిలిన రేవు.
మపూటో రాజధాని, అట్టడుగున, దక్షిణాన ఎక్కడో.
అక్కణ్ణించి ఒక్క పిక్కా రాదు.
రాజధానులంతేలే అన్నాను.

నడుమ జాంబెజి నదంట.
మన వంశధారలాటిదేటి అంటే
ఓలమ్మ, దేశాన్నే రెండుగా చీల్చీసింది అన్నాడు.
బద్ద పప్పులాగా!

ఒకనాడు పిక్కల్లో మట్టిబెడ్డ దొరికింది, ఎర్రగా.
తడిపి వాసన చూశాను.
పారేయబుద్ధి కాలేదు.
బూడిద డబ్బా పక్కనే ఉంటాది.

తిత్లీ రాత్రి మా మావ నాటిన జీడిచెట్లు
నలభై ఒక్కటి, వేళ్ళు పైకెత్తి పడుకున్నాయి.
అయిదు నెలలు తిరక్కుండా
టీవీలో బైరా పట్నం:
గాలి, నీరు, రేకుల మీద పిల్లలు.
రేటు పెరుగుతాదన్నాడు షావుకారు.
బైరా సంచులు మనకొచ్చాయా అని అడిగాను.
బైరాగి చిట్టా తిరగేసి,
లేదు దాలమ్మా, అన్నాడు.

ఆ పూట
నల్లబడ్డ నా వేళ్ళ కింద
ఒక్క గుండూ విరగలేదు.