హ్యాప్

అబర్డీన్ నుంచి ఉత్తరం వచ్చింది.
మూడో పడవకి బీమా డబ్బు రాదని చెప్పడానికి రెండు పేజీలు.
చివర్న గుమాస్తా చెయ్యి జారి
ఒక జాలిమాట పడింది:
హ్యాప్‌లెస్ ఎర్టీ గారికి, అని.

ఎర్టీకి ఆ మాట తెలీదు.
మొదటి పడవ మునిగిందంటే తెలుసు,
రెండోది రాతికి కొట్టుకుందంటే తెలుసు,
మూడోది రేవులో కట్టేసి ఉండగానే
పరాయి ఓడ వెనక్కి వచ్చి పచ్చడి చేసిందంటే
మరీ బాగా తెలుసు.
ఉత్తరం మడిచి టోపీలో పెట్టుకుని
వదిన ఇంటికి నడిచాడు.

షెట్లాండ్‌లో గాలి తలుపు తట్టదు,
వచ్చి కూర్చుంటుంది.
పీట్ గడ్డల పొగలో, పొయ్యి పక్కన
ఓస్లా చేతిలో అల్లికసూదులు ఆగలేదు.
"చదివి చెప్పవే ఇంగా" అంది మనవరాలితో.

ఇంగకి పదమూడేళ్ళు. బళ్ళో బహుమతిగా వచ్చిన
నిఘంటువు ఒకటుంది, అట్ట ఊడింది.
వరస వెంట వేలు నడిపి
"హ్యాప్ అంటే లక్కు, తాతా.
పాత నార్సు మాట. మన పూర్వీకులు పొడుగు పడవల్లో
ఎండుచేపలతో పాటు దించుకున్నది.
లెస్ తగిలిస్తే, అది లేనివాడని" అంది.

అక్కడితో ఆగితే బాగుండేది.
చీమలపుట్ట కదిపినట్టు
ఆ ఒక్క మాట కింద నుంచి ఎన్నో పాకి వచ్చాయి.
జరగడమనే హ్యాపెన్,
ఏమోననే పర్‌హ్యాప్స్,
ఆఖరికి హ్యాపీ కూడా!
మొదట్లో దానర్థం సంతోషం కాదట,
కలిసొచ్చినవాడని.

ఎర్టీ చాలాసేపు మంటకేసి చూశాడు.
"అయితే సంతోషమూ నేనూ ఒకే తల్లి పిల్లలమా?
అరవయ్యేళ్ళు వచ్చాయి,
ఒక్కసారైనా చూసిపోవడానికి రాలేదే!"

(మా తెలుగులో దాన్ని అదృష్టమంటాం,
కంటికి కనబడనిదని.
దానికో 'దుర్' తగిలించి రెండోదానికీ అదే పేరు పెట్టేశారు,
అదెక్కడి న్యాయమో.
ఎర్టీకి అది పట్టపగలే కనబడింది,
పొగగొట్టంతో సహా.)

ఓస్లాకి కోపమొచ్చింది.
"ఎవడా గుమాస్తా? హ్యాప్ అంటే ఇదీ!"
ఒళ్ళోని ఉన్ని ఎత్తి చూపించింది.
బూడిదరంగు మీద తెల్లని అలలు అలలుగా అల్లిన శాలువా.
ఈ దీవుల్లో పుట్టిన ప్రతి బిడ్డనీ
మొదట చుట్టేది దాంట్లోనే.
"శాలువా లేదనేగా వాడి బాధ? దానికి రెండు పేజీలెందుకు?"

"రెండింటికీ చుట్టరికం లేదవ్వా,
దీని వేరు వేరే" అంది ఇంగ, పుస్తకం చూస్తూ.

"నీ పుస్తకానికి చలెయ్యదు" అంది ఓస్లా.

తొమ్మిది రాత్రుళ్ళు పట్టింది.
మగాడు శాలువా కప్పుకోవడమేమిటని
రేవంతా నవ్వింది. ఎర్టీ వినిపించుకోలేదు.
వలలు బాగుచేసేచోట, చర్చిలో,
పోస్టాఫీసు వరసలో, అదే శాలువా.
ఆ వారం ఏదీ మునగలేదు.
మునగడానికి ఏదీ లేదు కూడా.

ఎనిమిదో రోజు
ఉత్త భుజాలతో గుమ్మంలో నిలబడ్డాడు.
ఉతికి తీగ మీద ఆరేశాట్ట.
క్లిప్పులు మాత్రం మిగిలాయి.
గొర్రెల మీదుగా, దీపస్తంభం మీదుగా
రెక్కలు చాచుకుని పోతుంటే
కనబడినంత దూరం చూశాట్ట.

"ఏ వైపు?" అంది ఓస్లా.
"తూర్పుకి. నార్వే వైపు."
టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.
"వాళ్ళ మాటే కదా, వదినా.
అప్పు తీరిపోయింది."

ఓస్లా ఏమీ అనలేదు.
బుట్టలో బూడిదరంగు ఉండ ఎంత మిగిలిందో
చేత్తో తడిమి చూసింది.