పందొమ్మిది

కాగితం మీద మా ఆయన పందొమ్మిది.
వందకి పందొమ్మిది శాతం జబ్బుమనిషి.
ఇరవై అయితే పింఛనుకి ఇంకో ముక్క అతికేదట.
ఆ ఒక్కటీ ఎక్కడ పారేసుకున్నామోనని
ట్రంకుపెట్టె బోర్లించి దులిపాను.
జత లేని ఊలు సాక్సు ఒకటి,
వంతెన ముందు పదిమంది నిలబడ్డ ఫొటో,
కలరా ఉండలు.

మురుగేశ్‌పాళ్యలో మా గది మీంచి
యుద్ధవిమానం పోతే గిన్నెలు మాటాడుకుంటాయి.
ఆ చప్పుడు చూసుకుని లేచి వెళ్తాడు,
నాకు వినపడలేదనుకుంటాడు.
పాలలెక్కల పుస్తకం తీసి
అరలీటరు పక్కన ఒక గీత గీస్తాను.
సోమవారం పదకొండు.
మంగళవారం తొమ్మిది, అందులో రెండు ఎర్రసిరాతో.
ఎర్రసిరా ఎందుకో అప్పీలులో చెప్పాలంటే
మా పిల్ల యామిని పెన్ను మూతపెట్టేసింది,
"ఇంగ్లీషులో దీన్ని మర్యాదగా ఏమంటారో
మా స్కూల్లో చెప్పలేదమ్మా."

బోర్డు వారికి మర్యాద బాగా వచ్చు.
జబ్బుని కాన్‌స్టిట్యూషనల్ అన్నారు.
రాజ్యాంగంలో ఉందేమోననుకున్నాను ముందు,
కాస్త ధైర్యం కూడా వచ్చింది.
కాదట. ఒంటితోపాటే పుట్టిందట,
పటాలానికీ దానికీ చుట్టరికం లేదట.
మరి బొబ్బిలి మైదానంలో, పందొమ్మిదేళ్ల వాణ్ణి,
(అప్పుడూ పందొమ్మిదే!)
పళ్లు లెక్కెట్టి, తడిపాదాల అచ్చు చూసి,
దగ్గమని దగ్గించి, ఫిట్ అని ముద్ర కొట్టినప్పుడు
ఏ పేగు మడతలో నక్కిందో అది?

బయటపడింది పీస్ స్టేషన్‌లోనే కదా, అని ఇంకో వాక్యం.
నిజమే.
కొండ మీద డాక్టరు రెండు రోజుల నడక.
నది గడ్డకట్టేలోగా ఇనుప పలకలు బిగించాలి.
రేకుల దొడ్డిదాకా తాడు పట్టుకుని వెళ్లేవాడట రాత్రిపూట,
మంచులో దారి తప్పకుండా.
వంతెన అయ్యేదాకా ఓర్చుకున్నాడు.
ఓర్చుకున్న ఏడు నెలలకి కాగితం లేదు.
కాగితం లేని నెప్పి కిందకి దిగాక పుట్టినట్టే.

ఇప్పుడు మారతహళ్లిలో అపార్టుమెంటు గేటు.
రెండేళ్లలో నాలుగో గేటు.
కార్ల వాళ్లు హారన్ కొడుతుంటే
సూపర్‌వైజరు మళ్లీనా అని కన్నడంలో నవ్వుతాడట.
డ్యూటీ ఉన్న రోజు అన్నం ముట్టడు.
ఏ దేవుడికి ఉపవాసమని పక్కింటావిడ అడిగితే
శనివారమన్నాను.
ఆవేళ గురువారం.

పైవాటాలో నాచప్పగారు, పాత సుబేదారు,
నేను రాసిన నాలుగు పేజీలూ చదివి
మూడు పేజీలు కొట్టేశారు.
"ఏడుపు వద్దమ్మా. తేదీలు రాయి."
తేదీలు రాశాను.
అప్పలసూరి మాత్రం గోడవైపు తిరిగి
"ఆర్డరంటే ఆర్డరే, వదిలేయ్" అన్నాడు.
నీకు ర్యాంకుంది, నువ్వు వదిలేయ్ అన్నాను.
నాకెవరూ ఏ ర్యాంకూ ఇవ్వలేదు,
నేను అడుగుతాను.

ఆర్నెల్ల గడువులో ఇంకా పదకొండు రోజులుండగా
దొమ్మలూరు పోస్టాఫీసుకి వెళ్లాం.
రిజిస్టరు కవరు, తిరుగు కార్డు,
పాలలెక్కల పుస్తకం జిరాక్సు ముప్పైరెండు పేజీలు.
కవరు తూకం వేసి కుర్రాడు ఖరీదు చెబుతుంటే
మా ఆయన వంగి నెమ్మదిగా
ఇంకేదో అడిగాడు.
అది స్టాఫుకి మాత్రమే అన్నాడు కుర్రాడు,
తల ఎత్తకుండా.

రసీదు వెనక రాసుకున్నాను:
శుక్రవారం. పోస్టాఫీసు. పదీ నలభై.
గీత ఎర్రదో నల్లదో
ఇంటికెళ్లాక చూడాలి.
ఆటో ఆయన్ని తొందరగా పొమ్మన్నాను.