ఖాళీ బండి తూకం

మిర్యాలగూడ బైపాస్ మీద ధర్మకాంటల
నైట్ డ్యూటీ నాది.
వడ్ల లారీకీ లారీకీ నడుమ
సీ లాంగ్వేజ్ పుస్తకం, సల్లారిన చాయ్.

మొదలు ఆపరేటింగ్ సిస్టమే రాద్దామనుకున్న.
నోట్‌బుక్ అట్ట మీద దానికి పేరు గూడ పెట్టిన.
పదకొండు రోజులకు
తెర మీద ఒక్క చుక్క వెలిగింది.
పన్నెండో రోజు అదీ ఆరింది.

తర్వాత మెమరీ పంచే ప్రోగ్రామ్.
అడిగినోళ్లకల్లా జాగ ఇచ్చిన,
తిరిగి తీసుకునుడు మరిచిన.
కంప్యూటర్ కూలబడ్డది.
బయట నాలుగు లారీలు ఒక్కటే హారన్.

హమాలీ ముత్తిలింగు కిటికీలకెళ్లి తొంగిచూసి అడిగిండు:
"ఆ ఎర్ర డబ్బాల అంకె
నీ డబ్బాలకు ఎట్లొస్తది తమ్మీ?"

మూడేండ్ల సంది రోజుకు నూరు రశీదులు చింపినోణ్ణి,
నాకు తెల్వదు.

ఆ రాత్రి తీగ పట్టుకున్న.
పోర్టు తెరువు, ఒక్కో అక్షరం చదువు, తెర మీద పెట్టు.
నలభై వరుసలు, అంతే.
వచ్చినయన్నీ పిచ్చి గీతలే.
వేగం తప్పు పెట్టిన:
అవతలిది నిమ్మళంగ చెప్తుంటే
నేను ఉరుక్కుంట విన్న.

కోడి కూసే యాళ్లకు
ఉత్త ట్రాలీతోటి ట్రాక్టరొకటి కాంటెక్కింది.
ఎర్ర డబ్బాల 3840.
నా తెర మీద 3840.

ముత్తిలింగును పిలిచి చూపెట్టిన.
"ఇది ముందుగాల గూడ కనవడ్తుండె గదా" అన్నడు
బీడీ ముట్టిచ్చుకుంట.

ఫైల్‌కు ఏం పేరని అడిగింది కంప్యూటర్.
'ఖాళీ బండి' అని కొట్టిన.