గుండు, బద్ద, నూక

పలాసలో పొద్దు
జీడిగింజల కమురు వాసనతో లేస్తుంది.
కాశీబుగ్గ గేటు దాటకముందే
నా వేళ్లు ఏరడం మొదలెడతాయి,
ఉత్త గాలిలో.

పదకొండేళ్లుగా అదే బల్ల, అదే ట్యూబులైటు.
నూట ఎనభై ఇటు, రెండొందల నలభై అటు,
మూడొందల ఇరవై ముందుకి.
రెండుగా విడితే బద్ద.
మచ్చ పడితే వేరే డబ్బా.
నలిగిందంతా నూక.
నా డబ్బా సావుకారు తెరిచి చూడడు.
"దమయంతి ఏరిందా? సీలు కట్టీండి" అంటాడు.
ఆ మాటతోనే పాడయ్యాను నేను.

సాయంత్రం బల్ల దగ్గర్నుంచి నేను లేస్తాను,
నా కన్ను మాత్రం డ్యూటీ దిగదు.
ఆరేసిన చొక్కా కాలరు మీద
ఉన్నదో లేనిదో ఒక నీడ, మళ్లీ నానబెడతాను.
పోపులో నాలుగు ఆవాలు మాడితే
కూర కుక్కకి.
జాకెట్టు చెయ్యి అరంగుళం తేడా వచ్చిందని
చెల్లెలి సీమంతానికి వెళ్లలేదు.
కూర్మారావు తన ఆటో తుడుచుకుంటే
వెనకద్దం మళ్లీ నేను తుడిచేదాన్ని.
ఈ మధ్య ఆయన తుడవడం మానేశాడు.
ఈ మధ్య మాట్లాడ్డం కూడా
కొంచెం కొంచెంగా మానేస్తున్నాడు.

రాత్రి రెండింటికి మెలకువ.
గ్యాసు కట్టానా? లేచి చూస్తాను.
చూశానా? మళ్లీ లేస్తాను.
మచ్చ గింజ ఒకటి నా చెయ్యి జారి
ఈపాటికి ఏ లారీలో
ఏ ఊరు దాటుతోందో
నా పేరు చెప్పుకుంటూ.

మెడలో నరం, ఎవరో అటు నుంచి లాగుతున్న దారం.
కడుపులో జీడిసొన పడినట్టు మంట.
శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో గొట్టం వేసి చూశారు.
అన్నీ బాగానే ఉన్నాయని కాగితం ఇచ్చారు.
వందకి వంద వచ్చినట్టు మురిసిపోయాను.
మంట అలాగే ఉంది.
"ఏం పని చేస్తావు?" అంది డాక్టరమ్మ.
ఏరతాను.
"ఇంటికెళ్లాక?"
అప్పుడూ అదే అని చెప్పడానికి సిగ్గేసింది.

పక్క బల్ల తవిటమ్మ ఒక మాటంది:
"ఒలే, ఏది గుండో ఏది బద్దో
సెట్టుకేటి తెలుసే?
కాసీడమే దానికి తెలుసు."
నవ్వాను.
నవ్వుతూనే, ఆవిడ చూడకుండా
ఆవిడ డబ్బాలోంచి నాలుగు బద్దలు తీసేశాను.

మొన్న సోమవారం
యామిని బడికి వెళ్లనంది. కడుపునొప్పిట.
మూడో తరగతి పిల్లకి ఏం కడుపునొప్పి?
సంచీలోంచి తెలుగు నోట్సు తీశాను.
నక్షత్రం అని రాయాల్సిన చోట చిల్లు.
రబ్బరు పెట్టి రుద్ది, రాసి, మళ్లీ రుద్ది.
చిల్లులోంచి కింది పేజీ కనిపిస్తోంది,
అక్కడా చిల్లే.
"బాగోలేదంటావు కదమ్మా"
అంది, గోడ వైపు తిరిగి.

ఆ పూట పనికి వెళ్లలేదు.
సావుకారు ఇచ్చిన నూక పొట్లం విప్పి
ఉప్మా చేశాను. అడుగంటింది.
చెయ్యి గిన్నె అంచు దాకా వెళ్లి
పారబోయకుండా వెనక్కొచ్చింది.
ఇద్దరం గడప మీద కూచుని
మాడిన చెక్కు గీరుకుని తిన్నాం.
యామిని పళ్లెంలో ఒకటి దొరికింది,
నూకలో నిండు గుండు!
ఎవరు ఏరారే ఇది?
నేనే.
అది పటుక్కున కొరికింది.
నోట్లో ఏ గుండైనా
ముందు బద్దే కదా అనిపించింది.

మారిపోయానని చెప్పను.
మధ్యాహ్నమే ఆ పళ్లేలు రెండోసారి కడిగాను.
కానీ రాత్రి గ్యాసు రెండుసార్లే చూశాను.
మూడోసారి లేవబోతుంటే
నిద్రలోనే కూర్మారావు
నా మణికట్టు పట్టుకున్నాడు.
పట్టు కొంచెం వంకరగా ఉంది.
సర్దలేదు.